ఏ భాషలో అడిగారు?

ఒంటి జబ్బుకి రక్తం తీస్తారు, ఎక్స్‌రే తీస్తారు. మనసు జబ్బుకి అలాంటి మిషను లేదు. డాక్టరు అడగాలి, మనిషి చెప్పాలి. ఆ మాటే పరీక్ష. మరి ఆ మాట ఏ భాషలో?

విశాఖ చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రికి ఎవరొస్తారో తెలిసిందే. పోర్టులో, స్టీలుప్లాంటు కాంట్రాక్టు పనుల్లో ఒళ్లొంచే ఒడియా, హిందీ కూలీలు. పాడేరు, అరకు కొండల నుంచి కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడేవాళ్లు. శ్రీకాకుళం, విజయనగరం పేటల నుంచి మనవాళ్లు. మనది తెలుగే కదా అంటారు. తెలుగే! 'గుండెల్లో గాబరాగా ఉంటంది' అని మన అమ్మ చెప్పింది కేసుషీటులో ఒక ఇంగ్లీషు ముక్కయి కూర్చుంటుంది. 'అమ్మోరు నాతో మాటాడతంది' అంటే అది జబ్బా, ఊరి నమ్మకమా? ఆ ఊళ్లో ఆ మాటకి అర్థమేమిటో అడక్కుండా ఎలా తేలుస్తారు? యాసకి ఎవరైనా నవ్వితే మనిషి నోరు మూసుకుంటాడు. 'సమాధానం చెప్పడం లేదు' అని అదీ రాసేస్తారు.

1973లో న్యూయార్కులో లూయిస్ మార్కోస్, ఆయన తోటి డాక్టర్లు స్పానిష్ మాతృభాషగా గల స్కిజోఫ్రీనియా రోగుల్ని రెండు భాషల్లోనూ మాట్లాడించారు. ఇంగ్లీషులో అడిగినప్పుడు అదే మనిషికి జబ్బు ఎక్కువున్నట్టు తేలింది. రాని భాషలో తడుముకోవడం, ముక్తసరిగా చెప్పడం జబ్బు లెక్కలో పడిపోయాయి. 1970లో డెల్ కాస్టియో అనే డాక్టరు దీన్ని తిరగేసి చెప్పాడు: పరాయి భాషలో మనిషి ఆచితూచి మాట్లాడతాడు, జబ్బు దాగుతుంది, సొంత భాషలోనే బయటపడుతుంది. ఎవరిది నిజమైనా దెబ్బ రోగికే. లేని జబ్బుకి మందు మింగుతాడు, లేకపోతే ఉన్న జబ్బుతో ఇంటికి పోతాడు.

ఇక దుబాసీ సంగతి. ఒడియా కూలీ తరఫున చెప్పేదెవరు? పనికి తెచ్చిన మేస్త్రీ. ఆడకూతురి తరఫున? ఒక్కోసారి కొట్టిన మొగుడే. వాళ్ల ముందు ఏం చెప్పుకుంటారు?

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. వైద్యం సంగతులు రోగికి అర్థమయ్యే సులువైన భాషలో చెప్పాలంటుంది. సాంఘిక హోదాని బట్టి మనిషికి మానసిక జబ్బని తేల్చరాదంటుంది. చెప్పేది అర్థమయ్యే భాషలో అయితే, అడిగేది మాత్రం వేరే భాషలోనా?

మేం అడిగేది పెద్ద ఖర్చేం కాదు. ఏ భాషలో అడిగారో, మధ్యలో మాట చెప్పిందెవరో కేసుషీటు పైవరసలో రాయండి. రోగి వెంట వెళ్లే మన కార్యకర్తలు అది రాసేదాకా అక్కడే కూచోవాలి. వార్డులు ఊడ్చే మనవాళ్లలో ఒడియా, కువి వచ్చినవాళ్లుంటే వాళ్లని ఊరికే పిలిచి అడిగించుకోవడం మానాలి. దుబాసీ పనికి శిక్షణిచ్చి, దానికి వేరే జీతం కట్టాలి.