మీట నొక్కడమేనా మన పని?

"అన్నీ మిషనే చేసేస్తుందంటున్నావు కదా, మరి నాలుగేళ్ళ నుంచి నువ్వేం చేస్తున్నావే అక్కడ?"

మొన్న పండక్కి ఇంటికి వెళితే మా పిన్ని వేసిన ప్రశ్న ఇది. అందరూ నవ్వారు. నేనూ నవ్వేశాను గానీ, ఆ మాట మనసులో ఉండిపోయింది.

నేను రసాయన శాస్త్రంలో పిహెచ్.డి. చేస్తున్నాను. స్ఫటికాలు ఏ ద్రవంలో, ఎంత వేడి దగ్గర, ఎంత కరుగుతాయో తనంతట తానే కొలిచే యంత్రం మీద నా పరిశోధన. పేరు పెద్దదే గానీ సంగతి మన వంటింట్లోదే. 20 డిగ్రీల దగ్గర 100 గ్రాముల నీళ్ళలో సుమారు 200 గ్రాముల పంచదార కరుగుతుంది. మరిగే నీళ్ళలో అయితే 480 గ్రాములు దాటుతుంది. అందుకే చిక్కటి పాకం చల్లారితే మళ్ళీ పలుకులు కడుతుంది. పంచదారకు బదులు మందు అనుకోండి, అదే నా పని.

పాత పద్ధతిలో మందు పొడిని ద్రవంలో వేసి, వేడి మారకుండా చూస్తూ ఒకటి రెండు రోజులు కుదపాలి. తర్వాత వడగట్టి కొలవాలి. అర్ధరాత్రి అయినా ఎవరో ఒకరు కాపలా ఉండాలి. "ఆడపిల్లవి, రాత్రిళ్ళు ల్యాబులో ఎలా ఉంటావు?" అని ఇలాంటి పనులు మాకిచ్చేవారు కాదు. ఇప్పుడు యంత్రం చిన్న సీసాలను మెల్లగా వేడి చేస్తూ, వాటిగుండా కాంతిని పంపుతుంది. పొడి మొత్తం కరిగి ద్రవం తేటపడగానే ఆ వేడిని నమోదు చేసుకుంటుంది. రాత్రి గొడవ తీరింది. ఆ సాకు పోయింది కదా అని సంతోషించేలోపు కొత్త సాకు వచ్చింది. "మిషనుండగా ఇక నీకు డాక్టరేట్ ఎందుకు?" అని!

ఎందుకో చెబుతాను. కిందటేడు ఒక మందు కరిగే వేడి ఉన్నట్టుండి ఆరు డిగ్రీలు పెరిగింది. మూడుసార్లు చేసినా అదే అంకె. "మిషను తప్పు చెప్పదు, రాసేసుకో" అన్నారు. నాకు నమ్మకం కుదరక సీసాలోని పొడిని మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. అంతకుముందు పలకల్లా ఉండే స్ఫటికాలు సూదుల్లా మారిపోయాయి! అదే మందు, స్ఫటికం అల్లిక వేరు. ఎక్స్‌రే పరీక్షలోనూ అదే తేలింది. యంత్రం నిజంగానే తప్పు చెప్పలేదు. కానీ దానికి తెలిసింది తేటపడిందా లేదా అన్నదే. కరిగిన స్ఫటికం ఏ రకందో చూసుకోవాల్సింది మనిషే.

ఇది చిన్న విషయం కాదండీ. ఎయిడ్స్ రోగులు వాడే రిటోనావిర్ మందు 1996లో బజారులోకి వచ్చింది. 1998లో అందులో బాగా తక్కువగా కరిగే కొత్త రకం స్ఫటికం పుట్టుకొచ్చింది. దాంతో ఆ క్యాప్సూల్స్‌ను బజారు నుంచి వెనక్కి తీసుకోవలసి వచ్చింది. మందు కరగకపోతే ఒంటికి పట్టదు మరి!

అయితే నా అసలు బాధ వేరే ఉంది. మా యంత్రాన్ని బిగించేటప్పుడు పంపులు, వైర్లు, ప్రోగ్రాము రాయడం మగపిల్లలకు ఇచ్చారు. సీసాలు నింపడం, కడగడం, అంకెలు రాసుకోవడం మా ఇద్దరు ఆడపిల్లలకు వచ్చాయి. "అమ్మాయిలకు ఓపిక ఎక్కువ" అన్నారు. వినడానికి పొగడ్తే. కానీ ఆ ఓపిక పేరుతోనే మమ్మల్ని పనిముట్లకు దూరంగా ఉంచారు.

ఒకరోజు పంపు ఆగిపోయింది. బాగుచేసే అబ్బాయి ఊళ్ళో లేడు. స్క్రూడ్రైవరు తీసుకుని నేనే విప్పాను. వేడి ద్రావణం సన్నటి గొట్టంలో చల్లారి, స్ఫటికాలు కట్టి దారి మూసేసింది. పాకం సంగతి తెలిసిన ఎవరికైనా అర్థమయ్యే జబ్బే! వేడి ద్రవంతో కడిగి, గొట్టం చల్లారకుండా ఏర్పాటు చేశాను. ఆ తర్వాత పట్టుబట్టి ప్రోగ్రాము రాయడమూ నేర్చుకున్నాను.

1933లో కమలా సొహొనీని ఆడపిల్ల అన్న కారణంతో బెంగుళూరులోని సైన్సు ఇన్‌స్టిట్యూట్‌లో మొదట చేర్చుకోలేదు. ఆమె పట్టు విడవకపోతే షరతులు పెట్టి చేర్చుకున్నారు. 1939లో ఆమె కేంబ్రిడ్జిలో డాక్టరేట్ తీసుకున్నారు. ఇవాళ మనల్ని గుమ్మం దగ్గర ఎవరూ ఆపడం లేదు, నిజమే. లోపలికి వెళ్ళాక ఏ పని ఇస్తున్నారన్నదే ఇప్పటి ప్రశ్న.

అందుకే ల్యాబుల్లో ఉన్న చెల్లెళ్ళకు ఒక్కటే చెబుతాను. ఇచ్చిన సీసాలు నింపండి, తప్పులేదు. కానీ యంత్రం మూత విప్పడం కూడా నేర్చుకోండి. నేర్పమని అడగడానికి మొహమాటపడకండి. వచ్చే పండక్కి మా పిన్ని మళ్ళీ అడిగితే ఈసారి నవ్వి ఊరుకోను. పక్కన కూర్చోబెట్టుకుని ఇదంతా చెబుతాను.