మన రోగచరిత్ర ఎవరి చేతిలో అమానత్?

నిజామాబాదు బీడీ కార్మికురాలు వైద్యం కోసం హైదరాబాదు పెద్దాసుపత్రికి బయలుదేరితే ఆమె చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి ఉంటుంది. పాత మందుచీటీలు, ఎక్స్‌రేలు, రక్తపరీక్షల కాగితాలు అన్నీ అందులోనే. ఒక్క కాగితం పోయినా పరీక్షలు మళ్లీ మొదలు. ఖర్చూ, కూలి నష్టమూ ఆమెవే. అందుచేత ఆసుపత్రుల మధ్య వైద్య సమాచారం ఎలక్ట్రానిక్ పద్ధతిలో అందడాన్ని మేము స్వాగతిస్తున్నాము. కాని ఆ సమాచారానికి కాపలా ఎవరని నిలదీయడం మా బాధ్యత.

2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటా ప్రారంభమైంది. పౌరునికి 14 అంకెల ‘ఆభా’ సంఖ్య ఇచ్చి, అతని సమ్మతితో ఆసుపత్రులు, ల్యాబులు రికార్డులను ఇచ్చిపుచ్చుకునేలా చేయడం దాని లక్ష్యం. తెలంగాణ ప్రభుత్వం 2022 మార్చిలో ములుగు, రాజన్న సిరిసిల్ల జిల్లాలలో హెల్త్ ప్రొఫైల్ కార్యక్రమం చేపట్టింది. ఆభా సంఖ్య ఐచ్ఛికమేనని కేంద్రం చెబుతున్నది. అయితే ఆధార్ చూపి కొవిడ్ టీకా వేయించుకున్న అనేకులకు వారికి తెలియకుండానే ఆరోగ్య సంఖ్య పుట్టుకొచ్చిందని 2021లోనే వార్తలు వెలువడ్డాయి. అడగకుండా తీసుకున్నది సమ్మతి ఎట్లా అవుతుంది?

మా ఆందోళన ఊహ నుంచి పుట్టినది కాదు. 2020 ఏప్రిల్ 18న కేంద్ర ఆరోగ్య శాఖ దేశంలోని 14,378 కేసులలో 4,291 తబ్లీగీ సమావేశంతో ముడిపడినవని వేరుచేసి ప్రకటించింది. ఆ రోజులలో అనేకచోట్ల ముస్లిం పండ్ల వ్యాపారులను వీధులలోకి రానివ్వలేదు. అదే ఏడాది ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ తబ్లీగీలపై కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారని అభిప్రాయపడింది. తీర్పు వచ్చింది, పోయిన పరువు తిరిగి రాలేదు. ఒక్క సమావేశపు లెక్కతోనే ఇంత జరిగితే, రాష్ట్ర ప్రజలందరి రోగచరిత్ర ఒకే మీటతో తెరుచుకునే రోజున రక్షణ ఏది?

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తేల్చిచెప్పింది. అయినా 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వైద్య సమాచారాన్ని ప్రత్యేక రక్షణ గల వర్గంగా గుర్తించలేదు. పైపెచ్చు దేశభద్రత, ప్రజాశాంతి వంటి కారణాలపై కేంద్రం ప్రకటించే ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు కల్పించింది. ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాజ్యాంగంలో రాష్ట్ర జాబితాకు చెందినవి. కనుక మన రెండు ప్రభుత్వాలూ ఢిల్లీ వైపు వేలు చూపి తప్పించుకోజాలవు.

ఒక్కో శాఖ ఒక్కో ఉత్తర్వు ఇచ్చే పద్ధతి చాలదు. ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులకు, బీమా సంస్థలకు, ల్యాబులకు ఒకే నియమావళి శాసనసభలో చర్చించి రూపొందించాలి. వైద్య రికార్డులో మతం గడి ఉండరాదు. న్యాయస్థానం ఉత్తర్వు లేనిదే పోలీసులకు రికార్డు ఇవ్వరాదు. సంఖ్య లేదని ఎవరికీ చికిత్స నిరాకరించరాదు. ఉర్దూ తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి రెండవ అధికార భాష. సమ్మతి పత్రం తెలుగుతోపాటు ఉర్దూలోనూ ఉండితీరాలి. తన రికార్డును ఎవరు, ఎప్పుడు చూశారో రోగికి తెలియాలి.

పాఠక సోదర సోదరీమణులారా! ఆసుపత్రి కౌంటరు వద్ద వేలిముద్ర అడిగినప్పుడు ఎందుకు, ఎవరికోసం, ఎంతకాలం అని అడగండి. మన రోగచరిత్ర ప్రభుత్వపు సొత్తు కాదు, దానికి అప్పగించిన అమానత్. అమానత్‌కు లెక్క చెప్పవలసిన బాధ్యత దానిని తీసుకున్నవారిదే.