మంచం దిగనివ్వకపోవడం జాగ్రత్త ఎలా అవుతుంది?



గత ఆదివారం మీ పత్రిక ఆరోగ్యం పేజీలో, ఆసుపత్రిలో పెద్దవాళ్లు పడిపోకుండా ఎలా చూసుకోవాలో చెప్పిన వ్యాసం చదివినప్పటినుంచి నా కోపం చల్లారలేదు. పెద్దవాళ్లను వీలైనంతవరకు మంచం దిగనివ్వకూడదట. పక్క కడ్డీలు పగలూ రాత్రీ ఎత్తే ఉంచాలట. మూత్రానికి లేవాల్సిన పని లేకుండా ముందే ఏర్పాటు చేయాలట. ఇంత చేసినా పడితే ఆ తప్పు దగ్గరున్న ఇంటివాళ్లదేనట. అంత పొడుగు వ్యాసంలో ‘పట్టుకుని నడిపించండి’ అన్న మాట వెతికినా దొరకలేదు.

పడిపోతారన్న భయం ఉత్తదేం కాదు. ఎనభై ఏళ్ల మనిషికి తుంటి ఎముక విరిగితే ఆ ఇల్లు ఏమవుతుందో మా వీధిలోనే చూశాను. కానీ మీ వ్యాసకర్త ఆ భయానికి మంచాన్నే మందుగా చూపించారు. మంచం మీద ఉన్నన్నాళ్లూ ఎవరూ పడరు. దిగిన రోజున పడతారు, ఎందుకంటే అప్పటికి కాళ్లలో సత్తువ ఉండదు.

ఇది నా ఊహ కాదు. జబ్బేమీ లేని, సగటున 67 ఏళ్ల వయసున్న కొద్దిమందిని పది రోజులపాటు మంచం మీదే ఉంచి చూసిన పరిశోధన 2007లో జామా అనే వైద్య పత్రికలో వచ్చింది. ఒక్క కాళ్లలోనే దాదాపు కిలో కండ కరిగిపోయింది. వాళ్లకు జ్వరం లేదు, తిండికి లోటు లేదు. అలాంటప్పుడు ఊపిరితిత్తుల్లో నెమ్ముతో, అన్నం సయించక పడుకున్న మనిషి సంగతేమిటి? అమెరికాలో చికిత్స పొందుతున్న 45 మంది వృద్ధ మాజీ సైనికుల కాళ్లకు కదలికలు లెక్కించే పరికరాలు కట్టి చూస్తే, ఆసుపత్రిలో ఉన్న సమయంలో 83 శాతం పడుకునే గడిపారని 2009లో తేలింది. వాళ్లంతా చేరడానికి ముందు నడుస్తున్నవాళ్లే.

మా అమ్మ కూడా నడుస్తున్న మనిషే. తెల్లవారుజామున వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టుకునేది. రామాలయానికి ఎవరి తోడూ లేకుండా వెళ్లి వచ్చేది. నెమ్ము చేసి ఆయాసం వస్తే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. మందులు బాగానే ఇచ్చారు, జ్వరం తగ్గించారు. అందుకు వాళ్లకు దణ్ణం పెడతాను. కానీ చేరిన సాయంత్రమే మంచానికి రెండు వైపులా కడ్డీలు ఎత్తేశారు, మూత్రానికి పైపు వేశారు. ఎందుకమ్మా అని సిస్టర్‌ని అడిగితే, “మామ్మగారు లేచి పడితే మా మీదకొస్తుందండీ” అంది. ఆ పిల్లను తప్పుపట్టను. రాత్రిపూట వార్డు మొత్తం ఆమె ఒక్కతే చూసుకోవాలి.

కొన్నాళ్లకు పైపు తీసి డైపరు వేశారు. బాత్రూమ్ మంచానికి నాలుగు అడుగుల దూరంలో ఉంది. “నన్ను పట్టుకుని తీసుకెళ్లవే” అని అమ్మ నా చెయ్యి పట్టుకుంది. నేను కడ్డీ దించబోతే ఆయా పరుగెత్తుకొచ్చింది. “వద్దమ్మా, పెద్దడాక్టరు గారు తిడతారు. మామ్మగారూ, అందులోనే కానివ్వండి, నేను మార్చేస్తాగా” అంది. అమ్మ ఇంకేం మాట్లాడలేదు, గోడవైపు తిరిగి పడుకుంది. ఆ పూట మంచినీళ్లు కూడా తాగనంది. తాగితే మళ్లీ అదే అవస్థ అని ఆమె భయం. ఇలాంటివన్నీ మీ వ్యాసం లెక్కలోకి రావా?

రోజూ ఒక ఫిజియోథెరపిస్టు వచ్చేవాడు. చేతులు రెండుసార్లు పైకెత్తించి, అరచేతిలో రబ్బరు బంతి పెట్టి నొక్కమని, సంతకం పెట్టి వెళ్లేవాడు. నిలబెట్టరా బాబూ అంటే ఆర్డరు లేదన్నాడు. బిల్లులో మాత్రం ఫిజియోథెరపీ అని రోజూ పడింది. కేస్ షీటులో జ్వరం, బీపీ, ఆక్సిజన్, పోసిన మూత్రం కొలత గంటల వారీగా రాశారు. ఎన్ని అడుగులు నడిచిందో రాయడానికి గడే లేదు. నెమ్ము తగ్గింది, తీసుకెళ్లండి అన్నారు. కారు దగ్గర చక్రాల కుర్చీలోంచి లేపితే అమ్మ మోకాళ్లు నిలవలేదు. ఇంటికొచ్చిన వారంలోనే స్నానాల గది గడప దగ్గర పడింది. ఎముక విరగలేదు, దేవుడి దయ. కానీ పడ్డ భయం అలాగే ఉండిపోయింది.

మరో దారి లేదా అంటే ఉంది. స్పెయిన్‌లోని పాంప్లోనాలో 75 ఏళ్లు దాటిన 370 మంది రోగులను రెండు జట్లుగా చేసి పరిశోధించారు. వాళ్ల సగటు వయసు 87. ఒక జట్టుకు మామూలు వైద్యం. రెండో జట్టుకు దాంతోపాటు రోజుకు రెండు పూటలా ఇరవై నిమిషాల చొప్పున వ్యాయామం. పొద్దున పక్కన మనిషి ఉండి కుర్చీలోంచి లేపి కూర్చోబెట్టడం, కాళ్లకు కొలిచి బరువు పెట్టడం, ఒక పాదం ముందు ఒక పాదం వేసి నిలబెట్టడం, గీత మీద నడిపించడం, చిన్న చిన్న అడ్డాలు దాటించడం. సాయంత్రం చీలమండకు అరకిలో, కిలో బరువు కట్టుకుని రోగులే కాళ్లు ఆడించడం, వరండాలో నడవడం.

ఫలితాలు 2019లో జామా ఇంటర్నల్ మెడిసిన్ పత్రికలో అచ్చయ్యాయి. సొంత పనులు చేసుకునే శక్తిని నూరు మార్కులకు కొలిచే బార్తెల్ సూచీలో మామూలు వైద్యం జట్టు ఇంటికెళ్లేనాటికి సగటున 5 మార్కులు పోగొట్టుకుంది. వ్యాయామం చేసిన జట్టు పోగొట్టుకోకపోగా దాదాపు రెండు మార్కులు కూడబెట్టింది. నిలకడ, నడక, కుర్చీలోంచి లేవడం కలిపి పన్నెండు మార్కులకు పెట్టే పరీక్షలోనూ వీళ్లే 2.2 మార్కులు ముందున్నారు. వ్యాయామం వల్ల ఎవరికీ హాని జరగలేదు, ఆసుపత్రిలో ఉన్న రోజులూ పెరగలేదు. 87 ఏళ్ల రోగులు అక్కడ గీత మీద నడుస్తుంటే, ఇక్కడ మా అమ్మ నాలుగు అడుగుల దూరంలోని బాత్రూమ్‌కి ఎందుకు వెళ్లకూడదు?

పనిలో పనిగా ఇంకో మాట. ఆ వ్యాసం వచ్చిన రోజే మీ మొదటి పేజీ నిండా కొత్త ఆసుపత్రి ప్రకటన వేశారు. అందులో నేల గ్రానైటు అద్దంలా మెరుస్తోంది. ఆ పొడవాటి వరండాలో గోడకు చెయ్యి ఆనించుకోవడానికి ఒక్క కమ్మీ లేదు, మధ్యలో కూర్చోవడానికి ఒక్క కుర్చీ లేదు. పెద్దవాళ్లు ఎక్కువగా చేరే చోట జారే నేల పరిచి, పడితే ఇంటివాళ్లది నిర్లక్ష్యం అనడం ఏం న్యాయం? ప్రకటనలు వేసుకోండి, పత్రిక నడవాలి. కానీ ఆ వరండా గురించి అడిగే విలేకరి కూడా మీకు ఉండాలి. ప్రభుత్వ ఆసుపత్రుల సంగతీ అడగాలి. వృద్ధుల ఆరోగ్య సంరక్షణకు జాతీయ కార్యక్రమం 2010లో మొదలైంది. జిల్లా ఆసుపత్రుల్లో వృద్ధులకు పది పడకల వార్డు, ఫిజియోథెరపీ ఉండాలని అందులోనే రాసుకున్నారు. మన జిల్లాలో ఆ పడకలెక్కడ, ఆ ఫిజియోథెరపిస్టు ఎవరు? వెళ్లి చూసి రాయండి.

వ్యాయామంతో అన్నీ నయమవుతాయని నేననడం లేదు. గుండె వైఫల్యంతో చేరిన అరవై దాటిన 349 మంది మీద అమెరికాలో జరిగిన పరిశోధన 2021లో వచ్చింది. బలం, నిలకడ, నడక, దమ్ము నాలుగింటికీ ఆసుపత్రిలోనే సాధన మొదలుపెట్టి, ఇంటికెళ్లాక కూడా పన్నెండు వారాలు సాగించారు. నడక స్పష్టంగా మెరుగైంది. మళ్లీ ఆసుపత్రిలో చేరడం మాత్రం తగ్గలేదు. అయినా తన కాళ్ల మీద తాను బాత్రూమ్‌కి వెళ్లగలగడం చిన్న లాభమా? మంచం మీద ఉన్న మనిషిని అడిగితే చెబుతారు. లేవకూడని రోగులూ ఉంటారు, కూర్చోబెడితేనే బీపీ పడిపోయేవాళ్లూ ఉంటారు. ఎవరిని లేపాలో, ఎవరిని లేపకూడదో డాక్టరు మనిషిని చూసి తేల్చాలి. వయసు చూసి అందరికీ ఒకటే మాట చెప్పకూడదు.

ఇప్పుడు మా ఇంటికి ఒక ఫిజియో అమ్మాయి వస్తోంది. వంటగది గట్టు పట్టుకుని అమ్మ ఒక పాదం ముందు ఒక పాదం వేసి నిలబడుతుంది, గట్టు వదిలి మళ్లీ పట్టుకుంటుంది. వాకరుతో వీధి గుమ్మం దాకా వస్తోంది. ఆసుపత్రిలో చేయించాల్సిన పనిని ఇంట్లో, మా ఖర్చుతో, ఆలస్యంగా చేయించుకుంటున్నాం.

కాబట్టి నేను కోరేది ఇది. ఆ వ్యాసానికి సవరణ అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో వేయండి. రోగి బంధువులు రౌండ్స్‌లో డాక్టరును అడగాల్సిన ప్రశ్నలు అందులో ఉండాలి. మా పెద్దావిడ ఈరోజు లేవచ్చా? ఎవరు పట్టుకుని లేపుతారు? ఆ మూత్రం పైపు ఇంకా అవసరమా? నడక ఆర్డరు కేస్ షీటులో రాశారా? ఇంటివాళ్ల నిర్లక్ష్యం గురించి మీరు అంత రాశారు. ఈ నాలుగు ప్రశ్నలు అడగనివ్వని ఆసుపత్రుల గురించి కూడా రాయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
తెనాలి