అరిగింది వేరు, చెడింది వేరు

డ్రయర్ నుంచి కొత్త చప్పుడు వినిపిస్తే మన ఇళ్లలో వెంటనే వచ్చే మాట "అది పోయింది". ఈ ఒక్క మాట వల్లే ఇక్కడ సౌదీలో ఎన్నో మంచి మిషన్లు చెత్తకుండీ పక్కకు చేరుతున్నాయని నా అభిప్రాయం. తెలుగులో ఇంతకంటే సరైన మాటలు ఉన్నాయి.

నేను ఇంగ్లీషు మీడియంలో చదివాను. తెలుగు రాయడం యాభై దాటాక సొంతంగా నేర్చుకున్నాను. అందుకే ఇలాంటి చిన్న తేడాలు నాకు పెద్దగా కనిపిస్తాయి. మూడు మాటలు చూడండి. విరిగింది అంటే ముక్కలయింది. చెడింది అంటే పని చేయడం మానేసింది. అరిగింది అంటే వాడగా వాడగా తరిగింది, కానీ ఇంకా పని చేస్తోంది. చెప్పులు అరుగుతాయి, గంధం చెక్క అరుగుతుంది. తిన్న అన్నం కూడా అరుగుతుంది. అరగడం లోపం కాదు.

"అంత ఎండలో డ్రయర్ ఎందుకు?" అని ఊళ్లో బంధువులు అడుగుతారు. జుబైల్, దమ్మాం వైపు ఉండేవాళ్లకు జవాబు తెలుసు. దుమ్ము గాలి లేస్తే ఉతికిన చీర మళ్లీ ఉతకాలి. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో సముద్రం తేమకు రాత్రి ఆరేసిన బట్ట పొద్దునకు కూడా చెమ్మగానే ఉంటుంది. అందుకే ఇక్కడ డ్రయర్‌కు పని ఎక్కువ, అరుగుదల ఎక్కువ.

అరిగేవి ఏమిటి? మోడల్‌ను బట్టి కొంచెం మారినా, ముఖ్యంగా నాలుగు. డ్రమ్మును తిప్పే రబ్బరు పట్టా. ఆ పట్టాను బిగుతుగా ఉంచే చిన్న గిలక. డ్రమ్ము బరువు మోసే చక్రాలు. డ్రమ్ము అంచున ఉండే ఫెల్ట్ పట్టీ. కీచుమంటే గిలకనో చక్రాలనో చూడాలి. ధబ్ ధబ్‌మంటే చక్రం ఒకవైపు చదునుగా అరిగి ఉండొచ్చు. బట్టల మీద నల్లటి గీతలు పడితే ఫెల్ట్ పని అయిపోవచ్చింది. మోటారు తిరుగుతున్నా డ్రమ్ము కదలకపోతే పట్టా తెగింది.

నా మాట ఏమిటంటే, మిషన్ విప్పినప్పుడు పట్టా ఒక్కటే మార్చి మూసేయకండి. గిలక, చక్రాలు కూడా అరిగి ఉంటే అప్పుడే మార్పించండి. అన్నీ ఒకే వయసువి. వేరువేరుగా మారిస్తే ప్రతిసారీ విప్పిన కూలి మళ్లీ ఇవ్వాలి. చప్పుడు ఆగాలని వంటనూనె మాత్రం వేయకండి. బట్టల నుంచి రాలే నూగు ఆ నూనెకు అంటుకుని పేరుకుపోతుంది.

సామాను కొనేటప్పుడు ఒక జాగ్రత్త. సౌదీలో పాత ఇళ్లకు 127, 220 వోల్టుల కరెంటు ఉండేది. 2010లో ప్రభుత్వం 230, 400 వోల్టులకు మెల్లగా మారాలని నిర్ణయించింది. కరెంటు 60 హెర్ట్జ్, మన దేశంలో 50. పట్టాకూ చక్రాలకూ ఇది పట్టదు. హీటర్‌కూ మోటారుకూ పడుతుంది. మిషన్ వెనక రేకు మీద రాసి ఉన్న మోడల్ నంబరు, వోల్టులు ఫోనులో ఫోటో తీసుకుని దుకాణానికి వెళ్లండి. బోర్డు మీద అరబీలో "ఖితా గియార్" అని ఉంటే అది స్పేర్ పార్టుల దుకాణం. ఉర్దూ తెలిసిన కుర్రాడు ఉంటే "పట్టా" అన్నా చాలు.

ప్లగ్ తీయకుండా మూత విప్పొద్దు. వేడి ఎక్కువైతే కరెంటు ఆపే ఫ్యూజ్ ఒకటి లోపల ఉంటుంది. అది పోతే, దాన్ని తప్పించి నేరుగా తీగ కలిపే మెకానిక్‌ను ఒప్పుకోవద్దు. నూగు జల్లెడ నిండిందా, గాలి పోయే గొట్టం మూసుకుందా చూడమనండి. ఎండిన నూగు తొందరగా అంటుకుంటుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు.

"కొత్తది కొనొచ్చు కదా" అనేవాళ్లూ ఉన్నారు. మోటారు కాలితే, డ్రమ్ము తుప్పు పట్టి చిల్లులు పడితే నేనూ అదే అంటాను. పట్టా, చక్రాలు అరిగితే మాత్రం అనను. ఫైనల్ ఎగ్జిట్ మీద ఇంటికి వెళ్లిపోయేవాళ్లు వదిలిన మిషన్లతోనే ఇక్కడ ఎన్నో కొత్త కాపురాలు మొదలవుతాయి. అరిగిన భాగాలు మార్చి ఇస్తే అది సాయం. మార్చకుండా ఇస్తే మన ఖర్చు వాళ్ల నెత్తిన పెట్టినట్టే.

సెలవులకు వెళ్లినప్పుడు మా ఊరి గుడిలో సేవ చేస్తాను. రథోత్సవానికి ముందే రథం చక్రాలు, ఇరుసు చూస్తారు. రథం విరిగేదాకా ఎవరూ ఆగరు. ఇంట్లో మిషన్‌కూ అదే పద్ధతి చాలు.

ఈసారి చప్పుడు వినగానే "పోయింది" అనకండి. "ఏది అరిగింది?" అని పిల్లలను అడగండి. పట్టా, గిలక, చక్రం, ఇరుసు అనే నాలుగు మాటలు వాళ్లకూ వస్తాయి.