గొడ్లకి పలుపేసినోళ్ళకే పలుపు పడితే

ఈసారి పురుగుమందు గురించో, మోటార్ల కరెంటు గురించో కాదు, ఒక ఇంగ్లీషు సినిమా గురించి రాస్తన్నా. నవ్వుకుంటే నవ్వుకోండి గానీ చివరిదాకా చదవండి. చివర్లో మన మామిడి తోటల సంగతి ఉంది.

మొన్న ముసురుకి రెండు రోజులు తోట మొహం చూళ్ళేదు. మా అబ్బాయి టీవీలో ‘కౌబాయ్స్ అండ్ ఏలియన్స్’ అనే సినిమా పెట్టాడు. 2011లో వచ్చిందంట. గుర్రాలూ తుపాకులూ ఒకపక్క, ఆకాశం నుంచి దిగిన గ్రహాంతరవాసులు ఇంకోపక్క. ముందు ఇదేం కలగాపులగం అనుకున్నా. సగం అయ్యాక లేవబుద్ధి కాలేదు.

కౌబాయ్ అంటే మనకి తెలియనిది కాదు. మన బుర్రిపాలెం కృష్ణ గారు 1971లోనే ‘మోసగాళ్ళకు మోసగాడు’ తీశారు. కె.ఎస్.ఆర్. దాస్ డైరెక్షను, ఆరుద్ర గారి రచన, రాజస్థాన్ ఎడారిలో గుర్రాల పరుగులు. చిన్నప్పుడు నేల టికెట్టులో చూసి, ఇంటికొచ్చి గేదె మీదెక్కి కర్రతో కాల్చినోణ్ణి నేను. కానీ అసలు కౌబాయ్ అంటే టోపీ, తుపాకీ కాదండీ. గొడ్లు కాసేవాడు. కూలికి పశువుల మందని తోలుకుపోయేవాడు. అంటే మన జాతే!

ఇక కథ. 1873లో అమెరికాలో అరిజోనా అనే ఎడారి ప్రాంతం. అక్కడో చిన్న ఊరు. ఊరంతా ఒక పెద్ద పశువుల ఆసామి డబ్బు మీద బతుకుతా ఉంటది. ఆ ఆసామిగా హారిసన్ ఫోర్డ్ వేశాడు. ఆయన బంగారం కొట్టేసిన దొంగ డేనియల్ క్రెయిగ్, అప్పటి జేమ్స్ బాండ్. వీళ్ళిద్దరికీ పడదు. ఆ చుట్టుపక్కలే అపాచీలనే అక్కడి ఆదివాసులు. వాళ్ళకీ వీళ్ళకీ తరాల పగ.

ఒక రాత్రి ఆకాశం నుంచి యంత్రాలు దిగుతాయి. మన థర్మల్ పొగగొట్టాల మీద నుంచి అవి ఊళ్ళోకి దూకినట్టు ఊహించుకోండి. పైనించి తాడు వేసి మనుషుల్ని ఒక్కొక్కణ్ణీ లాక్కుపోతాయి, అచ్చం దూడకి ఉచ్చు వేసినట్టు. నాకు ఒళ్ళు జలదరించింది అక్కడే. నిన్నటిదాకా గొడ్లకి తాడు వేసినోళ్ళ మెడకే ఇవాళ తాడు పడింది. ఆసామి కొడుకూ పోయాడు, ఊరి పోలీసు అధికారీ పోయాడు. తాడుకి పెద్దా చిన్నా తేడా లేదు.

ఇంతకీ వాళ్ళు వచ్చింది దేనికి? బంగారానికి. మన భూమిలో ఉన్నదాన్ని తవ్వుకుపోటానికి. మనుషుల్ని పట్టుకుపోయేదేమో, వీళ్ళ బలహీనత ఎక్కడుందో పరీక్ష చేసుకోటానికి.

అప్పుడు ఆసామీ, దొంగా, అపాచీలూ ఒక నిప్పు చుట్టూ కూర్చుంటారు. తుపాకులు ఒకళ్ళ మీద ఒకళ్ళు గురిపెట్టుకునే వాళ్ళు, ఒకే వైపు తిప్పుతారు. సినిమా మొత్తానికి నాకు నచ్చింది అది.

నచ్చనిదీ చెప్తా. 16 కోట్ల డాలర్లకు పైనే పోశారంట, వచ్చింది 17 కోట్లు చిల్లర. హాళ్ళవాళ్ళ వాటా పోగా నష్టమే. నా లెక్కలో లోపం వేరే ఉంది. గెలిచాక ఊరికి బంగారం దక్కిద్ది, ఊరు బాగుపడుద్ది. మరి పక్కన నిలబడి చచ్చిన అపాచీలకి ఏం దక్కింది? సినిమా ఆ ఊసే ఎత్తదు. నిజం చరిత్రలో వాళ్ళ నేల పోయింది, రిజర్వేషన్లనే హద్దుల్లోకి తోలేశారు. వాళ్ళ నాయకుడు జెరోనిమో 1886లో లొంగిపోయాడు. ఆ మాటకొస్తే అపాచీలకి గ్రహాంతరవాసులు ముందే దిగారు, గుర్రాల మీద. కాబట్టి కలిసి పోరాడితే చాలదండీ, గెలిచాక వాటా సంగతి ముందే మాట్లాడుకోవాలి.

ఇప్పుడు మన సంగతి. నిరుడు నా తోట పిందె మీద ఉండగా కొనేవాళ్ళు బేరానికొచ్చారు. పక్క తోట మా మేనత్త కొడుకుది, వరసకి బావ. గట్టు తగాదాతో మూడేళ్ళుగా మాటల్లేవు. “పక్కాయన ఈ రేటుకే ఇచ్చేశాడు, మీరే ఆలోచిస్తన్నారు” అన్నారు. నేనూ ఇచ్చేశా. కాయలన్నీ కోసుకెళ్ళాక తెలిసింది, మా బావకీ ఇదే మాట చెప్పారని, నా పేరు పెట్టి! జానెడు గట్టు కోసం మాట్లాడుకోకపోతే ఇద్దరికీ ఆ సంవత్సరం లాభం పోయింది. మా బలహీనత ఎక్కడుందో వాళ్ళకి పరీక్ష చెయ్యక్కర్లేకుండానే తెలుసు.

కొనేవాళ్ళు రాక్షసులని నేననను. వాళ్ళు రాకపోతే బంగినపల్లి చెట్టునే పండి రాలిపోద్ది. వాళ్ళ వ్యాపారం వాళ్ళది. కానీ తాడు ఎప్పుడూ ఒంటరిగా ఉన్నోడి మెడకే పడుద్ది. పదిమంది ఒకచోట నిలబడితే బేరం వేరేగా ఉంటది.

నేననేదేంటంటే, సంక్రాంతి లోపు మన ఇబ్రహీంపట్నం, జి.కొండూరు వైపు తోటలోళ్ళం ఒకసారి కూర్చుందాం. మూడు ముక్కలే. ఎవరికి ఏ రేటు చెప్పారో దాచుకోకుండా చెప్పుకోవాలి. పక్కోణ్ణి ఫోనులో అడక్కుండా బయానా పుచ్చుకోకూడదు. కౌలు రైతుకి కూడా మనతో సమానంగా మాట ఉండాలి. మన కథలో అపాచీ ఆయనే, గెలిచాక ఆయన్ని మర్చిపోతే ఆ సినిమాకీ మనకీ తేడా లేదు.

సినిమా వాళ్ళకైతే ఆకాశం నుంచి దెయ్యాలు దిగితే గానీ బుద్ధి రాలేదు. మనకి ఒక్క సీజను నష్టం చాలదా?

ముందు నేనే మొదలెడతా. రేపు పొద్దున్నే మా బావ ఇంటికి పోతన్నా. తిట్టినా సరే, కాఫీ తాగే వస్తా. మీలో ఎవరెవరికి గట్టు తగాదాలున్నాయో, మీరూ ఆలోచించండి.