శనివారం పొద్దున పిల్లల టీవీ మీద ఎవరి పెత్తనం?

బ్రూక్‌ఫీల్డ్, కుందలహళ్ళి, ఏఈసీఎస్ లేఔట్‌లలో ఉంటున్న తెలుగు తల్లిదండ్రులకు,

వారమంతా ఐటీపీఎల్ రోడ్డు ట్రాఫిక్‌లో నలిగినవాళ్ళం శనివారం పొద్దున ఇంకో గంట పడుకుంటాం. ఆ గంట పిల్లలు కార్టూన్లు చూస్తారు. అందుకు మిమ్మల్ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఆ గంటలో వాళ్ళకు ఏం చూపాలో, ఏం కోసేయాలో, మధ్యలో ఏం అమ్మాలో మనకు ముఖం కూడా తెలియని మనుషులు తేలుస్తున్నారు. వాళ్ళను నిలదీయడానికి చట్టం మనకు ఇప్పటికే కొంత చోటిచ్చింది. దాన్ని వాడుకుందామని అడుగుతున్నాం.

ముందు ప్రకటనల సంగతి. చిప్స్, కూల్‌డ్రింకులు, అలాంటి చిరుతిళ్ళ ప్రకటనలను పిల్లల కార్యక్రమాల మధ్య గానీ, పిల్లల కోసమే నడిచే చానెళ్ళలో గానీ వేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఇవి ఉత్త సలహాలు కావు. వీటిని మీరితే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వర్తిస్తుంది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు ఆ చట్టం కింద మొదటిసారి 10 లక్షల రూపాయల దాకా, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయవచ్చు. మన అపార్ట్‌మెంట్లలో ఈ సంగతి తెలిసినవాళ్ళు ఎంతమంది? బిస్కెట్లు, చాక్లెట్లు ఈ నిబంధన కిందికి వస్తాయా అని కంపెనీలు వాదించవచ్చు. వాదించనివ్వండి. ఫిర్యాదులు వెళ్తేనే ఆ హద్దు ఎక్కడుందో తేలుతుంది.

గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు ఉండకూడదని కేబుల్ టీవీ నియమాలు చెబుతున్నాయి. పెద్దల సీరియళ్ళకూ పసిపిల్లల కార్టూన్లకూ అదే లెక్క. ఇది మారాలి. కెనడాలోని క్యూబెక్‌లో 13 ఏళ్ళలోపు పిల్లలను ఉద్దేశించిన ప్రకటనలను 1980 నుంచే నిషేధించారు.

అమ్మకం ప్రకటనతో ఆగితే కొంత నయం. మన తరం దూరదర్శన్‌లో కళ్ళార్పకుండా చూసిన హీమ్యాన్ ముందు 1982లో మాటెల్ కంపెనీ అమ్మిన ఆటబొమ్మ. కార్టూన్ వచ్చింది ఆ తర్వాతి ఏడాది. బొమ్మలు అమ్ముడుపోవడానికే కథ పుట్టింది. అమెరికాలో ఈ వ్యాపారాన్ని ఎదిరించినది ఒక తల్లి, పెగ్గీ షారెన్. 1968లో బోస్టన్ దగ్గర కొందరు తల్లులను కూడగట్టి ఈ పోరాటం మొదలుపెట్టారు. పిల్లల టెలివిజన్ చట్టం 1990లో వచ్చింది. ఇన్నేళ్ళ పోరాటంలో కార్యక్రమాలను నిషేధించమని ఆవిడ ఏనాడూ అడగలేదు, అలా అడిగినవాళ్ళను గట్టిగా వ్యతిరేకించారు. మేమూ ఆవిడ దారినే కోరుకుంటున్నాం.

ఎందుకంటే నిషేధాలు మనమూ చూశాం. తల్లిదండ్రుల ఫిర్యాదుల మీద 2008లో షిన్‌చాన్‌ను మన దేశంలో ఆపేశారు. మరుసటి ఏడాది కత్తిరింపులతో మళ్ళీ వచ్చింది. ఏం కత్తిరించారు, ఎవరు కత్తిరించారు అన్నది ఏ తల్లికీ చెప్పలేదు. సినిమాకైతే సెన్సార్ బోర్డు సర్టిఫికెట్ ఉంటుంది. టీవీ కార్టూన్ సీరియళ్ళకు అది అక్కర్లేదు. కత్తెర చానెల్ ఆఫీసులోనే ఉంటుంది, ఆ కోతకు లెక్కాజమా లేదు. దీనివల్ల ఎంత విడ్డూరం జరుగుతుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 1987 ప్రాంతంలో అమెరికాలో ఏబీసీ చానెల్ శనివారం పొద్దున వేసే ‘ది రియల్ గోస్ట్‌బస్టర్స్’ కార్టూన్ మీద బయటి సలహాదారులను కూర్చోబెట్టింది. జనీన్ అనే పాత్ర కళ్ళజోడు అంచులు కోసుగా ఉన్నాయి, పిల్లలు జడుసుకుంటారు అన్నారు. జోడు గుండ్రంగా మారింది. జనీన్ గడుసుతనమూ దాంతోపాటే పోయింది. ప్రధాన రచయిత స్ట్రజిన్‌స్కీ ఆ పని వదిలేసి వెళ్ళిపోయాడు. పిల్లల మేలు పేరుతో ఒక మంచి పాత్ర పాడైంది, అది పిల్లలకు తెలియనే లేదు.

అందుకే చానెళ్ళను ఒకటి అడుగుదాం. కత్తిరించిన ప్రతి ఎపిసోడ్ మొదట్లో ఆ సంగతి తెర మీద వేయాలి. ఏం తీశారో, ఎవరి అభ్యంతరం మీద తీశారో తమ వెబ్‌సైట్లో పెట్టాలి. తీసేయడం సబబే అయినప్పుడు చెప్పుకోవడానికి జంకెందుకు? కార్టూన్లు తీసేవాళ్ళనూ అడుగుదాం. 2008 నుంచి పోగోలో వస్తున్న ఛోటా భీమ్ పుట్టింది హైదరాబాద్‌లో, రాజీవ్ చిలక గారి గ్రీన్‌గోల్డ్ స్టూడియోలో. స్పాన్సర్లు, చానెళ్ళు ఏమేం మార్చమంటారో బయటపెట్టమని వాళ్ళకు తెలుగులోనే ఉత్తరం రాయవచ్చు.

ఇక చేయాల్సిన పని. వచ్చే నాలుగు శనివారాలు ఒక్కో అపార్ట్‌మెంట్ నుంచి ఇద్దరు ఒక పిల్లల చానెల్‌ను పొద్దున 8 నుంచి 10 దాకా చూడండి. వచ్చిన ప్రతి తినుబండారం ప్రకటన పేరు, తేదీ, సమయం రాయండి. ఫోన్‌లో వీడియో తీసి ఉంచండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి. కార్యక్రమం మీద అభ్యంతరమైతే నేరుగా చానెల్‌కు రాయండి. 2021లో సవరించిన కేబుల్ నియమాల ప్రకారం 24 గంటల్లో అందినట్టు చెప్పాలి, 15 రోజుల్లో నిర్ణయం తెలపాలి. ఆ జవాబు నచ్చకపోతే చానెళ్ళ స్వీయ నియంత్రణ సంస్థకు, ఆపైన కేంద్ర ప్రభుత్వం దాకా వెళ్ళవచ్చు.

ఒక్కరు రాస్తే పక్కన పడేస్తారు. కాబట్టి నాలుగో శనివారం సాయంత్రం ఎవరి క్లబ్‌హౌస్‌లో వాళ్ళు కాగితాలన్నీ ఒకచోట చేర్చి, సంతకాలు పెట్టి, ఒకే రోజు పంపండి. పెద్దపిల్లలను కూడా కూర్చోబెట్టుకోండి. ఏ ప్రకటన ఎన్నిసార్లు వచ్చిందో మీకంటే వాళ్ళే సరిగ్గా చెబుతారు.

— బ్రూక్‌ఫీల్డ్‌లో ఉంటున్న కొందరు తెలుగు తల్లిదండ్రులు