పేము కుర్చీకి మెత్త ఎందుకు?

పేము కుర్చీలకు ఫోము తొడగడం బాగుచేయడం కాదని నా అభిప్రాయం. ఈ తప్పు నేనూ చేశాను.

తాతగారి టేకు కుర్చీలో అల్లిక కుంగిపోయింది. ఇంట్లోనే బాగుచేద్దామని పూనుకుని పేమంతా కోసి పారేశాను. ప్లైవుడ్డు ముక్క పెట్టి, రెండంగుళాల ఫోము పరిచి, రెగ్జిను లాగి చుట్టూ మేకులు దించాను. పని భేషుగ్గా కుదిరిందని మురిసిపోయాను కూడాను! రోహిణికార్తెలో తెలిసివచ్చింది: పది నిమిషాలు కూర్చుంటే పంచె తడిసి రెగ్జినుకు అంటుకుపోయేది.

నేను కోసి పారేసినది సామాన్యమైన పని కాదు. నిలువుగా రెండు, అడ్డంగా రెండు, ఐమూలగా రెండు, మొత్తం ఆరు వరుసలు ఒకదానిలోంచి ఒకటి దూరితేనే ఆ ఎనిమిది పలకల కన్నాలు ఏర్పడతాయి. గాలి ఆడేది వాటిలోంచే. తడిపి అల్లిన పేము ఆరుతూ బిగుస్తుంది. మన దేశంలో ఎందరో అంధులు వేళ్ల స్పర్శతోనే ఈ అల్లిక చేసి జీవించారు. మనం ఫోము తొడిగిన ప్రతి కుర్చీతోనూ వారికొక పని తగ్గింది.

మెత్తదనం అసలే వద్దని అనను. నడుము నొప్పి గలవారికి అవసరమే. బూరుగు దూదితో విడిగా దిండు కుట్టించి పైన వేసుకుంటే సరిపోతుంది, చట్రం జోలికి పోనక్కరలేదు. మొన్న మేకులు పీకుతుంటే అల్లిక కన్నాల నడుమ కర్ర రెండు చోట్ల చీలింది. మళ్లీ అల్లాలంటే ఆ కన్నాలే ఆధారం. ప్రస్తుతానికి జిగురు పెట్టి తాడుతో బిగించి ఉంచాను. అది ఆరాక అల్లేవారిని వెదకాలి.